సూర్యకాంతం అని పేరు పెట్టుకోరేం?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఒక్క క్షణం ఆలోచించి చెప్పండి. మీ బంధువుల్లో గాని, మీ వీధిలో గాని, మీ పిల్లలు చదివే బడిలో గాని సూర్యకాంతం అనే పేరున్న చిన్నపిల్ల ఎవరైనా ఉందా? సూర్యకళ ఉంటుంది, సూర్యకుమారి ఉంటుంది, చంద్రకాంత కూడా ఉంటుంది. సూర్యకాంతం మాత్రం సాధారణంగా కనపడదు. ఉంటే ఏ ఎనభై ఏళ్ళ బామ్మగారో ఉంటారు. నిజానికి ఎంత చక్కని పేరు! ఎండ తగలగానే నిప్పులు రాల్చే మణిని సూర్యకాంతం అంటారని మన పెద్దలు చెప్పేవారు. అలాంటి పేరు ఒక నటి వల్ల మన ఇళ్ళల్లోంచి తప్పుకుంది. ఆ నటి చేసిన నేరమల్లా, తనకిచ్చిన వేషాన్ని అద్భుతంగా వెయ్యటమే.

సూర్యకాంతంగారు 1924లో కాకినాడ దగ్గరి పల్లెలో పుట్టారు. మద్రాసు వెళ్ళి చిన్న చిన్న వేషాలతో మొదలుపెట్టారు. 1950లో ఎల్.వి. ప్రసాద్‌గారు తీసిన ‘సంసారం’ వచ్చాక, గయ్యాళి వేషమంటే ఆవిడదే అన్నంతగా పేరు స్థిరపడిపోయింది. ఎడమ చెయ్యి తిప్పుతూ, కళ్ళు పెద్దవి చేసి ఆవిడ ఒక్క మాట విసిరితే హాల్లో ఆడవాళ్ళంతా పళ్ళు పటపట కొరికేవారు. బయట మాత్రం ఆవిడ మనసు వెన్న. షూటింగుకి వస్తూ ఇంట్లో వండిన పదార్థాలు తెచ్చి అందరికీ కొసరి కొసరి పెట్టేవారని ఆవిడతో పనిచేసినవాళ్ళంతా చెప్పుకున్నారు. 1994లో ఆవిడ కన్నుమూశారు. ఇన్నేళ్ళయినా, “మా అత్తగారా? అచ్చం సూర్యకాంతమే” అనే మాట మాత్రం పోలేదు.

సినిమాల ప్రభావం అనగానే మనం సాధారణంగా చీరలూ, జాకెట్లూ, జుట్టు ముడులూ గురించి మాట్లాడుకుంటాం. 1970 ప్రాంతాల్లో వాణిశ్రీ కొప్పు చూసి ఎంతమంది సవరాలు కొనుక్కున్నారో మీకు గుర్తుండే ఉంటుంది. లేదా మీ అమ్మగారైనా చెప్పి ఉంటారు. కాని అవన్నీ వచ్చిపోయే ముచ్చట్లు. కొప్పు పోయి జడ వచ్చింది, జడ పోయి క్లిప్పు వచ్చింది. ఎవరికీ నష్టం లేదు. సినిమా మన తల మీద పెట్టేది మారిపోతుంది గాని, తలలోపల పెట్టేది అంత తొందరగా మారదు. అలా లోపల పడిపోయిన వాటిలో అత్తగారి బొమ్మ ఒకటి. ఇవాళ దాన్ని గురించే నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. అత్తాకోడళ్ళ తగవుని సినిమావాళ్ళు పుట్టించలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించటం సినిమా పుట్టకముందే ఉంది. అత్త కొడితే అది అడుగోటి కుండ, కోడలు కొడితే కొత్త కుండ అన్న సామెతా అంతే. అయితే సామెతలో అత్తకి మొహం లేదు, గొంతు లేదు. అది ఏ అత్తకైనా తగలొచ్చు, తగలకపోనూవచ్చు. పైగా అత్తా ఒకింటి కోడలే అని అదే నోటితో సర్దిచెప్పిన సామెత కూడా ఉంది. ఆ సామెతనే పేరుగా పెట్టి 1958లో కె.బి. తిలక్‌గారు సినిమా కూడా తీశారు.

ఇంకొకటి గమనించండి. మన భాషలో అత్త అంటే ఒక్కరు కాదు. నాన్నగారి అక్కచెల్లెళ్ళు అత్తలే. మేనమామ భార్య అత్తే. భర్త తల్లి అత్త, భార్య తల్లీ అత్తే. చిన్నప్పుడు సెలవలకి వెడితే జంతికలు చేసిపెట్టి, వెనకేసుకొచ్చిన మేనత్త కూడా అత్తే కదా! నలుగురికి చెందిన ఇంత ఆప్యాయమైన మాట, తెరమీదకి వచ్చేసరికి కొంగు బిగించి వీధిలోకొచ్చి అరిచే మనిషిగా కుంచించుకుపోయింది.

మొదట్లో తెలుగు సినిమా ఇలా లేదు. 1939లో వచ్చిన ‘వరవిక్రయం’ సంగతి చూడండి. కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకాన్ని సి. పుల్లయ్యగారు సినిమాగా తీశారు. భానుమతిగారి మొదటి సినిమా అదే. వరకట్నం పీడ మీద నడిచే కథ. అందులో దుర్మార్గుడెవరు? పెళ్ళికొడుకు తండ్రి స్థానంలో ఉన్న సింగరాజు లింగరాజు అనే పరమ లోభి. కట్నం ఇచ్చి తనకు మొగుణ్ణి కొనటం సహించలేక పెద్దమ్మాయి కాళింది ప్రాణం తీసుకుంటుంది. లింగరాజు పుచ్చుకున్న డబ్బు తిరిగి ఇవ్వనంటాడు. రెండో అమ్మాయి కమల అదే పెళ్ళికొడుకుని చేసుకుని, డబ్బు పోసి కొనుక్కున్న మొగుడు మా ఇంటికే రావాలి గాని నేను కాపరానికి వెళ్ళనని కూచుంటుంది. వ్యవహారం కోర్టుకి ఎక్కుతుంది. ఆ రోజుల్లో ఎంత సాహసమైన కథ! డబ్బు అడిగేది ఎవరు, లెక్కపెట్టుకునేది ఎవరు, పెట్టెలో పెట్టి తాళం వేసేది ఎవరు అన్నది ఆ కథలో దాపరికం లేకుండా ఉంది.

ఇరవయ్యేళ్ళు తిరిగేసరికి సంసార కథల్లో ఈ లింగరాజుగారు మెల్లిగా వెనక్కి తప్పుకున్నారు. ఆయన స్థానంలో అత్తగారు ముందుకొచ్చింది. అన్ని సినిమాలూ అంతేనని నేననను గాని, చాలావాటిలో ఇంటి పెద్ద భార్యకి భయపడి, కండువా సర్దుకుంటూ పక్కకి తప్పుకునే అమాయకుడు. రేలంగి, రమణారెడ్డి వంటి మహానటులు ఆ పాత్రలు వేస్తే మనం కడుపుబ్బ నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఆయన్ని క్షమించేశాం. కోపమంతా ఆవిడ మీదే మిగిలింది.

1957లో ఆదుర్తి సుబ్బారావుగారు తీసిన ‘తోడికోడళ్ళు’ చూసినవాళ్ళకి సూర్యకాంతం వేసిన అనసూయ పాత్ర గుర్తుంటుంది. కాని ఉమ్మడి కుటుంబంలో ఆ చిచ్చు రాజేసినవాడు వైకుంఠం అనే బంధువు. జగ్గయ్యగారు ఆ వేషం వేశారు. ఇల్లు విడిపోవటానికి కారణం ఎవరని ఇప్పుడు ఎవరినైనా అడగండి. నూటికి తొంభై మంది వైకుంఠం పేరు చెప్పరు, సూర్యకాంతమే అంటారు. అదండీ బొమ్మకున్న బలం! కథ ఒకటి చెబితే మనకు గుర్తుండేది మరొకటి.

ఇక 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’. అటు రామారావు, ఇటు నాగేశ్వరరావు, ఇద్దరు పెద్ద హీరోలుండగా సినిమాకి పేరు మాత్రం సూర్యకాంతం వేసిన గుండమ్మది. అందులో ఆవిడ సవతి తల్లి. సావిత్రి వేసిన లక్ష్మిని పనిమనిషిలా చూస్తుంది. జమున వేసిన సొంత కూతుర్ని నెత్తిన పెట్టుకుంటుంది. తప్పే, కాదనను. కాని ఆవిడ సంగతి ఒక్కసారి వేరేగా ఆలోచించి చూడండి. మొగుడు లేడు. ఇల్లూ, ఆస్తీ, ఇద్దరాడపిల్లల బాధ్యతా నెత్తిమీద ఉన్నాయి. మెత్తగా ఉంటే ఊళ్ళోవాళ్ళు బతకనిస్తారా? అటువంటి మనిషికి నోరే కదా ఆయుధం! ఈ ఆలోచన మనకి రాదు. రాకుండా కథ నడిపిస్తుంది. ఇద్దరు మగపిల్లలు తెలివిగా ఆ ఇంట్లో చేరి పరిస్థితులు చక్కదిద్దుతారు. గుండమ్మకి బుద్ధొస్తుంది. శుభం కార్డు పడుతుంది. మనం ఎంతో సంతోషంగా ఇంటికొస్తాం. ఆ సినిమా నాకూ ఇష్టమే. ఇప్పటికీ టీవీలో వస్తే చేతిలో పని వదిలేసి కూచుంటాను. ఇష్టమైనవాటి గురించే ఇంకా జాగ్రత్తగా ఆలోచించాలి. ఇష్టం లేనివి మన లోపలికి రావు కదా.

సినిమావాళ్ళు ఇలా ఎందుకు తీశారంటారా? అందులో కుట్రేమీ లేదు. సంసారపక్షమైన సినిమాకి ఆడవాళ్ళు రావాలి. మ్యాట్నీకి ఆడవాళ్ళు వస్తే ఆ సినిమా నాలుగు వారాలు ఎక్కువ ఆడుతుంది. ఆడవాళ్ళకి తెలిసిన రంగస్థలం ఇల్లు. స్టూడియోలో ఒక హాలూ, వంటిల్లూ, పెరడూ సెట్టు వేస్తే సగం సినిమా అయిపోతుంది. ఆ నాలుగు గోడల మధ్య కథ నడవాలంటే ఒక విలను కావాలి. భర్తని విలన్ని చేస్తే హీరో ఎవరు? మామగారిని చేస్తే ఇంటి పరువేం కావాలి? అందుకని అత్తగారు దొరికింది. ఆవిడ వల్ల హీరో మంచివాడుగానే ఉంటాడు, ఇంటి యజమాని పెద్దమనిషిగానే ఉంటాడు, కోడలు కన్నీళ్ళు పెట్టుకోవటానికి కారణమూ దొరుకుతుంది. టిక్కెట్టు కొన్న మనకి తిట్టుకోవటానికి ఒక మనిషి దొరుకుతుంది. అందరికీ లాభమే, ఒక్క అత్తగారికి తప్ప.

తెర మీద ఇంకో విచిత్రం కూడా చూడండి. అమ్మ వేషం వేరు, అత్త వేషం వేరు. అమ్మంటే కన్నాంబ, పండరీబాయి, హేమలత. అత్తంటే సూర్యకాంతం, ఛాయాదేవి. కాని మన ఇళ్ళల్లో ఆ రెండు వేషాలూ వేసేది ఒక్క మనిషే. కూతురికి అమ్మగా కనబడే ఆవిడే కోడలికి అత్తగారు. పొద్దున కూతురు ఫోను చేస్తే “వేళకి తిన్నావుటే?” అని అడిగే గొంతే, పక్కనున్న కోడలికి ఇంకో రకంగా వినిపిస్తుంది. గొంతు మారిందా, వినే చెవి మారిందా? ఒక్కోసారి గొంతే మారుతుంది, నేనొప్పుకుంటాను. ఒక్కోసారి మాత్రం మారేది చెవే.

మా బంధువులింట్లో ఆమధ్య ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేస్తూ ఎవరో పెద్దావిడ, “జాగ్రత్తే అమ్మాయ్, మీ అత్తగారు సూర్యకాంతమో ఏమో!” అంది. అందరూ నవ్వారు. అప్పుడే పసుపు కుంకాల పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చిన పెళ్ళికొడుకు తల్లి ఆ మాట విననే విన్నది. ఆవిడా నవ్వింది. ఏం చేస్తుంది మరి? కాని ఆ పూటంతా ఆవిడ పెళ్ళికూతురి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆచితూచి మాట్లాడటం నేను గమనించాను. ఆ పిల్ల కూడా ప్రతి మాటకీ అర్థాలు వెతుక్కుంటున్నట్టు కనిపించింది. ఇద్దరికీ ఇంకా పరిచయమైనా కాలేదు. వాళ్ళ మధ్యన మూడో మనిషి, ఎప్పుడో కాలం చేసిన ఒక నటి వేసిన వేషం, వచ్చి కూచుంది.

ఇదంతా వేళాకోళమేగా, ఏం నష్టమని అడగొచ్చు. నష్టముంది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. ఇచ్చినా నేరమే, పుచ్చుకున్నా నేరమే అని అది చెబుతుంది. 1983లో కోడళ్ళని హింసించటం మీద 498ఏ సెక్షను వచ్చింది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షనుగా ఉంది. ఆ చట్టంలో మాటలు ఎలా ఉన్నాయో గమనించండి. స్త్రీని క్రూరంగా బాధించినవాడు భర్తయినా, భర్త బంధువైనా శిక్షార్హులే అని ఉంటుంది. చట్టం ముందు చెప్పింది భర్తని. మన నోటికి మొదట వచ్చేది మాత్రం, “అత్తగారు పెట్టిన బాధలు” అని. ఏ ఇంట్లో ఏ పిల్ల కష్టపడిందని విన్నా ముందు అత్తగారి పేరు అడుగుతాం. కట్నం బేరం కుదుర్చుకున్న పెద్దమనుషులెవరు, పక్కగదిలో వింటూ నోరు మెదపని మొగుడెవరు అన్నది తర్వాతి సంగతైపోతుంది. అలాగని తప్పు చేసిన అత్తగారిని వదిలెయ్యమని నేనటం లేదు. చేసినవాళ్ళు ఎవరైనా అనుభవించాల్సిందే. కాని కష్టంలో ఉన్న ఆడపిల్లకి నిజంగా సాయం చెయ్యాలంటే, ఆ ఇంట్లో అధికారం ఎవరి చేతిలో ఉందో సరిగ్గా చూడాలి. సినిమా చూపించిన వైపే చూస్తే చాలదు.

తర్వాతి కాలంలో తెర మీద అత్తగారు ఇంకో అవతారమెత్తింది. 1989లో ‘అత్తకు యముడు అమ్మాయికి మొగుడు’, 1993లో ‘అల్లరి అల్లుడు’, 1995లో ‘అల్లుడా మజాకా’ వచ్చాయి. వీటిలో అత్త కోడలి అత్త కాదు, అల్లుడి అత్త. డబ్బుంది, పొగరుంది, ఇంట్లో పెత్తనమంతా ఆవిడదే. కథేమిటంటే అల్లుడు వచ్చి ఆ పొగరు అణచటం. ‘అల్లుడా మజాకా’లో అత్తతో అల్లుడి ప్రవర్తన చూపించిన తీరు మీద ఆ రోజుల్లోనే మహిళా సంఘాలు నిరసన తెలిపాయి. పూర్వం అత్తగారు కోడల్ని ఏడిపించిందని శిక్ష పడేది. ఇప్పుడు చేతిలో ఆస్తి ఉండి, తలెత్తుకు తిరిగినందుకే శిక్ష! సరిగ్గా ఆ 1995లోనే ఈటీవీ, జెమిని వచ్చాయి. అంతకు ముందు అత్తగారిని చూడాలంటే రిక్షా కట్టించుకుని హాలుకి వెళ్ళాల్సివచ్చేది. సీరియళ్ళు వచ్చాక ఆవిడ రోజూ మన హాల్లోకే రావటం మొదలుపెట్టింది. అత్తా కోడలూ ఒకే సోఫాలో కూచుని, అత్తాకోడళ్ళ కుట్రలు చూస్తూ మధ్యాహ్నాలు గడిపారు. పైకేమీ అనుకోకపోయినా, ఎవరి మనసులో ఎవర్ని ఎవరితో పోల్చుకున్నారో!

మరి వేరే రకంగా తీస్తే జనం చూడరా? చూస్తారు. 2006లో వచ్చిన ‘బొమ్మరిల్లు’ చూడండి. ఆ ఇంట్లో తల్లిగా వేసిన జయసుధ గయ్యాళి కాదు. కొడుకు వేసుకునే చొక్కా దగ్గర్నించీ అన్నీ తనే నిర్ణయించే తండ్రి వల్ల ఇల్లంతా ఊపిరాడకుండా ఉంటుంది. ఆ తండ్రి దుర్మార్గుడు కూడా కాదు, ప్రేమతోనే అంత పనీ చేస్తాడు. జనం ఆ సినిమాని నెత్తిన పెట్టుకున్నారు. మలయాళంలో జియో బేబీ అనే దర్శకుడు 2021లో ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ అని తీశారు. అందులో అత్తగారు కూతురి పురిటికని కొంత కథ కాగానే వెళ్ళిపోతుంది. అయినా కోడలి కష్టం తీరదు, పెరుగుతుంది. కుక్కర్లో అన్నం వద్దు, పచ్చడి రోట్లోనే రుబ్బాలి, బట్టలు మిషన్లో వెయ్యకూడదు అనేది మామగారు. ఆయన గొంతెత్తి అరవనుకూడా అరవడు. ఎంతో నెమ్మదిగా చెబుతాడు. ఇన్నాళ్ళూ అత్తగారు కూడా ఆ వంటింట్లో అలాగే మగ్గిందన్న సంగతి చూసేవాళ్ళకి అప్పుడు తడుతుంది.

ఇంత దూరం ఎందుకు, మన భానుమతిగారే ఉన్నారు. ‘వరవిక్రయం’లో కాళింది వేసిన ఆ అమ్మాయే పెద్దయ్యాక ‘అత్తగారి కథలు’ రాశారు. ఆ కథల్లో అత్తగారికి మడీ ఆచారం ఉన్నాయి, చాదస్తం ఉంది, పంతం ఉంది, అమాయకత్వం కూడా ఉంది. కోడలు ఆవిడ్ని చూసి నవ్వుకుంటుంది గాని, ఆ నవ్వులో విషం లేదు. చదివినవాళ్ళెవరికీ ఆ అత్తగారి మీద కోపం రాదు. అటువంటి అత్తగారు మన చుట్టూ ఎంతమంది లేరు! సినిమాల్లోనే పుట్టి పెరిగిన మనిషి, కలం పట్టుకునేసరికి సినిమా అత్తగారిని పక్కనపెట్టి, ఇంట్లో అత్తగారిని రాశారు. ఆ తేడా మనకి గొప్ప పాఠం.

అందుకని సినిమాలు మానెయ్యమని నేను చెప్పను. చెప్పినా మీరు వినరు, నేనూ మానను. కాని పిల్లలతో కూచుని చూసేటప్పుడు మనసులో రెండు మూడు ప్రశ్నలు పెట్టుకుందాం. ఈ ఇంట్లో బీరువా తాళం ఎవరి దగ్గరుంది? జీతం ఎవరి చేతికి వస్తోంది? ఈ అత్తగారు కొత్తకోడలుగా వచ్చినప్పుడు ఆవిడకి ఏం జరిగి ఉంటుంది? సినిమా అయ్యాక పిల్లల్ని కూడా అడగండి. పదేళ్ళ పిల్లలు మనకంటే బాగా చెబుతారు. పెళ్ళికావలసిన ఆడపిల్లలుంటే, అత్తవారింటి గురించి వేళాకోళాలు తగ్గించి, కట్నం అడిగితే ఏం చెయ్యాలో, కష్టం వస్తే ఎవరికి చెప్పుకోవాలో నేర్పండి. మగపిల్లలుంటే, అమ్మకీ భార్యకీ మధ్య మాట వచ్చినప్పుడు పేపరు చాటున తలదాచుకోవటం మంచితనం కాదని చెప్పండి. ఆ పేపరు చాటు మనిషిని చూసి మనం నవ్వినంతకాలం, ఆయన పేపరు దించడు.

మనం టిక్కెట్టు కొనుక్కునేది రెండున్నర గంటలకే. ఆ తర్వాత తెర మీది మనుషుల్ని అక్కడే వదిలి ఇంటికి రావాలి. ఇంటికొచ్చి చూస్తే వంటింట్లో ఉన్నది గుండమ్మా కాదు, లక్ష్మీ కాదు. మోకాళ్ళ నొప్పులతో ఒక పెద్దావిడ, ఆఫీసునుంచి అలిసి వచ్చిన ఒక చిన్నావిడ. వాళ్ళ కథకి చివరి రీల్లో శుభం కార్డు పడదు. రేపు పొద్దున్నే మళ్ళీ పాలు కాచుకోవాలి, కూర తరుక్కోవాలి, ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉండాలి.

కనక ఈసారి తెర మీద అత్తా కోడలూ పోట్లాడుకుంటుంటే, వాళ్ళ మొహాలు చూడటం కాసేపు మానేసి, ఆ గదిలో ఇంకా ఎవరెవరున్నారో, వాళ్ళేం చేస్తున్నారో చూడండి. సగం కథ అక్కడే ఉంటుంది. సెలవు.